పానా ఎవరు పట్టాలి?

ఏమర్రా, మీ బండి వెనక టైరులో గాలి ఎంత ఉండాలో మీలో ఎంతమందికి తెలుసు? పెట్రోలు బంకులో గాలి కొట్టే అబ్బాయికి తెలుసులే అంటారా? పాపం, అతను పొద్దుట్నించీ ఎన్ని బండ్లు చూస్తాడు! మీ బండి మీద మీరొక్కరే ఎక్కుతారో, వెనక అమ్మనీ ఆమె ఒళ్లో బియ్యం సంచినీ ఎక్కించుకుంటారో అతనికేం తెలుస్తుంది? చైన్ కవరు మీదో ఆ దగ్గర్లోనో చిన్న స్టిక్కరు అతికించి ఉంటుంది, లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెళ్లి చూసి రండి. మామూలు 100 సీసీ బండికి ముందు 25, వెనక ఒక్కరే ఎక్కితే 28 పీఎస్‌ఐ దగ్గర్లో ఉంటుంది. ఇద్దరెక్కితే వెనకది ఇంకా పెంచమని రాసి ఉంటుంది.

ఈ మధ్య పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు. "తాతయ్యా, సర్వీసింగుకి ప్రతిసారీ అంత డబ్బు పోయడం ఎందుకు? వీడియో చూసి మనమే చేసేసుకుంటే పోదా?" అని. అడగవలసిన ప్రశ్నే. సొంత చేత్తో బండి విప్పి చూడాలన్న కోరిక నాకెంతో ఇష్టం. దాన్ని ఎవరైనా "నీకెందుకురా" అని అణిచేస్తే నాకు కోపం వస్తుంది. అయితే పానా పట్టే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఈ పని ఎన్నాళ్లకోసారి చెయ్యాల్సింది? చేసేటప్పుడు మన చెయ్యి తప్పితే బండి కదలకుండా మొరాయిస్తుందా, లేక ఆగాల్సిన చోట ఆగకుండా పోతుందా? వారం వారం చెయ్యాల్సినవీ, తప్పినా బండి ఇంటి ముందే ఆగిపోయేవీ మనవి. ఎప్పుడో ఒకసారి చేసేవీ, తప్పితే ప్రాణం మీదకొచ్చేవీ మెకానిక్‌వి. ఇక మీదట నేను చెప్పేదంతా ఈ గీత ఎందుకు అక్కడ గీశానో చెప్పడమే.

గాలి సంగతి ముందు ముగిద్దాం. ట్యూబు ఎంత మంచిదైనా రబ్బరు అణువుల మధ్య సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటుంది. మూడు నెలలకోసారి సర్వీసింగులో చూస్తే ఏం లాభం? వారానికోసారి చూడాలి, దానికి మీరే ఉన్నారు. ఎప్పుడు చూస్తామన్నది కూడా ముఖ్యమే. పొద్దున 30 డిగ్రీల వేడిలో గేజి 28 చూపించిందనుకోండి. గేజి చూపించేది బయటి వాతావరణం కంటే లోపల ఎంత ఎక్కువుందో అంతే. వాతావరణ పీడనం 14.7 కూడా కలిపితే లోపలి అసలు పీడనం 42.7. ఎండలో గుంటూరు నుంచి విజయవాడ దాకా తోలాక టైరులో గాలి 55 డిగ్రీలకి వేడెక్కిందనుకుందాం. టైరు పెద్దగా ఉబ్బదు గనక లోపల చోటు మారదు. చోటు మారనప్పుడు పీడనం కెల్విన్‌లలో లెక్కేసే ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది. 30 డిగ్రీలంటే 303 కెల్విన్, 55 అంటే 328. లెక్క కడితే గేజి ఇప్పుడు 31న్నర చూపిస్తుంది. "అయ్యో, ఎక్కువైపోయింది" అని గాలి తీసి 28కి దించారో, మర్నాడు పొద్దున చల్లారిన టైరులో 25 కూడా ఉండదు. గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతి చుట్టుకీ పక్కగోడలు మరీ వంగుతాయి. ఆ వంగుడులో పోయిన శక్తి వేడిగా మారి టైరుని తినేస్తుంది, దాని ఖర్చు పెట్రోలులోంచి పోతుంది. అందుకని బండి తీయకముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

గాలి టైరుకి 1888లో పేటెంటు తీసుకున్న జాన్ బోయిడ్ డన్‌లప్ ఇంజనీరేమీ కాడు. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని ఇంట్లో కూర్చుని చేసిన పని అది. అంతకుముందే, 1845లోనే, రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఇలాంటిదే పేటెంటు చేశాడని తర్వాత తేలిందిలెండి. ఇంట్లో చేసిన పనిని తక్కువగా చూడకూడదని చెప్పడానికి ఈ కబురు గుర్తొచ్చింది.

ఇక చైన్. మన ఊళ్లలో "చైన్ సాగిపోయింది" అంటాం. ఉక్కు ప్లేట్లు సాగవు నాన్నా. చైన్‌లో ప్రతి లింకు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్ ఉంటాయి. ఆ రెంటి మధ్యా దుమ్ము, నూనె కలిసిన ముద్ద చేరి రాపిడి పుట్టి లోహం అరుగుతుంది. మామూలు బండి చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం. ఒక్కో పిన్ను దగ్గర పదో వంతు మిల్లీమీటరు అరిగిందనుకోండి, వంద లింకులకి మొత్తం చైన్ సెంటీమీటరు పొడుగవుతుంది. అప్పుడు చైన్ పళ్ల చక్రం మీద సరిగ్గా కూర్చోదు, పళ్లని కూడా అరగదీస్తుంది. అందుకే చైనూ స్ప్రాకెట్లూ కలిపి సెట్టుగా మార్చమంటారు మెకానిక్కులు. అది మోసమని అనుకోకండి, అందులో న్యాయం ఉంది. ఈ రోలర్ చైన్‌ని 1880లో పేటెంటు చేసినవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడ్డాడు. ఇన్నేళ్లయినా దాని పుట్టుక లోపం పోలేదు, దుమ్ము పడితే అరుగుతుంది.

కనక చైన్ తుడవడం, నూనె వెయ్యడం ఇంట్లో చేసుకోవాల్సిన పనే. మన రోడ్ల దుమ్ముకీ, వాన బురదకీ సర్వీసింగు దాకా ఆగితే కుదరదు. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక చైన్ లోపలి వైపు, పిన్నుల దగ్గర నూనె చుక్కలు పడేట్టు వెయ్యండి. బయట పైపైన పూస్తే దుమ్ము పట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నా, వినండి. సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆన్ చేసి, గేరులో చక్రం తిరుగుతుండగా చైన్‌కి గుడ్డ పట్టకండి. గుడ్డని చైన్ లాక్కుపోతుంది, గుడ్డ వెంట వేలు పోతుంది. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తో తిప్పుకోండి.

చైన్ లూజు చూడటం కూడా మీరే నేర్చుకోవచ్చు. మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే ఎంత ఆడుతుందో కొలవాలి. పుస్తకంలో 25 మిల్లీమీటర్లకి అటూ ఇటూ రాసి ఉంటుంది. "లూజెందుకు, గట్టిగా బిగిస్తే పోదా" అనే పిల్లలున్నారు. వెనక చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు ముందు స్ప్రాకెట్, వెనక చక్రాన్ని మోసే స్వింగార్మ్ కీలు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వస్తాయి. అప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. లూజు లేకుండా బిగించిన చైన్‌కి ఆ క్షణంలో దారి ఉండదు, గేర్‌బాక్సు బేరింగుని పీకుతుంది. అయితే లూజు సరిచెయ్యాలంటే వెనక ఇరుసు నట్టు విప్పాలి. అక్కడికొచ్చేసరికి మనం నేను గీసిన గీత మీదికి వచ్చేశాం. కొలవడం మీది. విప్పడం మాత్రం నట్టు బిగించడం బాగా వచ్చాకే.

నట్టు బిగించడంలో రావాల్సిందేముంది అంటారా? సైన్సంతా అక్కడే ఉందర్రా, కాస్త నిదానంగా చెప్పుకుందాం. బోల్టు ఎందుకు పట్టు పడుతుంది? బిగించినప్పుడు అది కొంచెం, కంటికి కనపడనంత, సాగుతుంది. సాగిన ఉక్కు వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే రెండు ముక్కల్నీ నొక్కి ఉంచుతుంది. తక్కువ బిగిస్తే లాగుడు చాలదు, ఇంజను అదురుకి నట్టు వదులవుతుంది. మరీ బిగిస్తే ఉక్కు తన హద్దు దాటి శాశ్వతంగా సాగుతుంది, లేదా దాన్ని పట్టుకున్న మరలు ఊడిపోతాయి. ఇంతకీ మన చేతికి తెలిసేది ఈ లాగుడు కాదు, తిప్పే బలం. తిప్పే బలంలో ఇంచుమించు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల రాపిడికి పోతుంది. అసలు పట్టుగా మారేది పదో వంతే. ఇప్పుడు ఆలోచించండి, ఎండు మరలకి చెప్పిన బలాన్ని నూనె పూసిన మరలకి వాడితే ఏమవుతుంది? రాపిడి తగ్గింది గనక అదే తిప్పుడుకి లాగుడు బాగా ఎక్కువైపోతుంది. తుప్పు పట్టిన మరలైతే చెయ్యి నొప్పెట్టేలా తిప్పినా పట్టు పడదు.

ఇంజను కింద ఆయిల్ దించే బోల్టు తీసుకోండి. చాలా చిన్న బండ్లలో దానికి కావలసింది 25 న్యూటన్ మీటర్ల దగ్గర. పావు మీటరు పొడవున్న పానా చివర పది కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేంత తిప్పుడు. అదే ఒక కుర్రాడు అర మీటరు పైపు తగిలించి, ఒంటి బరువు మోపి ముప్ఫై కిలోలు నొక్కాడనుకోండి, 150 న్యూటన్ మీటర్లు, కావలసినదానికి ఆరు రెట్లు! బోల్టు ఉక్కుది, దాన్ని పట్టుకున్న ఇంజను డబ్బా అల్యూమినియంది. ఆ రెండింటిలో మెత్తనిది లొంగుతుంది. "థ్రెడ్ పోయింది" అని మెకానిక్కులు అనేది దీన్నే. ఇరవై రూపాయల బోల్టు దగ్గర మొదలైన పని ఇంజను కేసు దాకా వెళ్తుంది. స్పార్క్ ప్లగ్గు విషయమూ ఇంతే. ముందు రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకి తేలిగ్గా తిరగకపోతే మరలు వంకరగా పడ్డాయని అర్థం. వెంటనే వెనక్కి తిప్పి, బయటికి తీసి, మళ్లీ మొదలుపెట్టాలి. పానాతో బలవంతం చెయ్యకూడదు.

టార్క్ రెంచ్ అని ఒక పనిముట్టు ఉంది. అనుకున్న బలం రాగానే టక్కుమంటుంది. సొంతంగా పని చేసుకోవాలనుకునేవాళ్లు మొదట కొనాల్సింది అదే. విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాక ఆటోనగర్‌లోనో ముప్ఫై ఏళ్లు పానా పట్టిన మేస్త్రీకి అది లేకపోయినా పర్వాలేదనిపించవచ్చు. వేల నట్లు బిగించి, అందులో కొన్ని తెగి, కొన్ని వదులై నేర్పిన పాఠం అతని మణికట్టులో ఉంటుంది. మనకి ఆ మణికట్టు లేదు. ఆ నైపుణ్యానికే మనం డబ్బిస్తున్నాం, ఇవ్వాలి కూడా. మేస్త్రీలు పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని వింటారు చూడండి. శబ్దం గాలిలో సెకనుకి 340 మీటర్లు పోతే ఉక్కులో దాదాపు 5000 మీటర్లు పోతుంది, పైగా దారిలో పెద్దగా చెదరదు. ట్యాపెట్ శబ్దమా, బేరింగు శబ్దమా అన్నది అలా విడదీసి పట్టేస్తారు. డాక్టరు స్టెతస్కోపులో ఉన్న తెలివే అది, దానికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

సరే, ఆయిల్ దగ్గరికి వద్దాం. డబ్బా మీద 10డబ్ల్యు-30 అని ఉంటుంది. డబ్ల్యు అంటే వింటర్, చలికాలం. ముందున్న 10 చలిలో ఇంజను తిప్పడానికి నూనె ఎంత పలచగా ఉంటుందో చెబుతుంది. వెనకున్న 30 మాత్రం 100 డిగ్రీల వేడి దగ్గర చిక్కదనం లెక్క. మన ఎండల్లో తోలేవాళ్లకి ముఖ్యమైంది ఆ రెండో అంకె. దాని పక్కనే ఇంకో రెండక్షరాలు చాలామంది చూడరు. జాసో ఎంఏ అని ఉంటుంది, అంటే గేరు బండి క్లచ్‌కి సరిపడే నూనె అని. గేరు బండిలో ఇంజనూ, గేరులూ, క్లచ్ ప్లేట్లూ అన్నీ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. క్లచ్‌కి రాపిడి కావాలి, పిస్టనుకి రాపిడి వద్దు. కార్ల నూనెల్లో కొన్నిటికి రాపిడి బాగా తగ్గించే రసాయనాలు కలుపుతారు. చవకగా వచ్చిందనో, ఇంట్లో మిగిలిందనో అది బండిలో పోస్తే క్లచ్ జారుతుంది. ఇంజను అరుస్తుంది, బండి ముందుకు పోదు. అమ్మాయిలు తోలే గేరు లేని స్కూటర్లలో క్లచ్ నూనెలో ఉండదు గనక వాటికి ఎంబీ రకం వాడతారు. కనక నూనె మార్చడం నేర్చుకునేవాళ్లు ముందు డబ్బా చదవడం నేర్చుకోవాలి.

నల్లబడిందని నూనె పారబోసేవాళ్లున్నారు. నూనెలో కలిపిన డిటర్జెంటు మసిని ఇంజను గోడలకి అంటనివ్వకుండా తనలో తేలుస్తుంది, అందుకే నల్లబడుతుంది. అది దాని పని చేస్తున్నట్టు లెక్క. వేళ్ల మధ్య రుద్ది "చచ్చిపోయింది" అని తేల్చడం కుదరదు. పుస్తకంలో రాసిన కిలోమీటర్లే లెక్క. నూనె కొలిచే పుల్ల మీది పై గీత దాటించి ఎక్కువ పొయ్యకండి. తిరిగే క్రాంకు ఆ నూనెని చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలే ఎక్కువ, కందెన తక్కువ.

నూనె మార్చడం ఇంట్లో చెయ్యొచ్చు, నాకభ్యంతరం లేదు. అయితే దించిన నూనె ఏం చేస్తారు? ఇంటి ముందు కాలవలోనో, చెట్టు మొదట్లోనో పొయ్యకండి, మీకు పుణ్యముంటుంది. వాడిన ఇంజను నూనెలో మండినప్పుడు పుట్టిన హానికర హైడ్రోకార్బన్లు, అరిగిన లోహాలు ఉంటాయి. కొన్నిటికి క్యాన్సరు తెచ్చే గుణం ఉంది. మన దేశంలో 2016 నాటి నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన నూనె జాగ్రత్త చేసే గ్యారేజీకి ఇచ్చిరండి. ఆ పని చెయ్యలేనప్పుడు నూనె మార్పు కూడా వాళ్లకే వదిలెయ్యండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, పెట్రోలుతో కడగకండి.

ఇక నేను భయపడే చోటికి వచ్చాం, బ్రేకులు. డిస్క్ బ్రేకులో పాస్కల్ గారి సూత్రం పని చేస్తుంది. మూసిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్నివైపులా సమానంగా పోతుంది. చేతి లివరు దగ్గర చిన్న పిస్టను నొక్కితే చక్రం దగ్గర పెద్ద పిస్టను అంతకంతా బలంతో ప్యాడ్లని డిస్కుకి నొక్కుతుంది. ఇదంతా ద్రవం నొక్కుడుకి కుంచించుకుపోదన్న నమ్మకం మీద నడుస్తోంది. కానీ బ్రేకు ఆయిల్‌కి ఒక గుణముంది. వానాకాలంలో మూత తీసిన ఉప్పు జాడీలా అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కి దిగుతుంది. తిరుమల కొండ మీంచి దిగుతూనో, అనంతగిరి ఘాట్‌లో అరకు నుంచి కిందికి వస్తూనో బ్రేకు వదలకుండా పట్టుకుంటే ఆ వేడి వచ్చేస్తుంది. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం కుంచించుకోదు గానీ బుడగ కుంచించుకుంటుంది. లివరు మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. అందుకే ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజనుతో ఆపుకుంటూ దిగమంటారు. బ్రేకు ఆయిల్‌ని కంపెనీ చెప్పిన గడువులో, సాధారణంగా రెండేళ్లకి, మార్పించమంటారు. ఈ ఆయిల్ మార్చేటప్పుడు ఒక్క గాలి బుడగ లోపల మిగిలినా అదే ప్రమాదం. వీడియోలో సులువుగానే కనపడుతుంది, కానీ ఆ బుడగ వీడియోలో కనపడదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. వాటి గొట్టాల్లో గాలి తీయడం ఇంకా మెలికల పని. ఇది మెకానిక్ చెయ్యాలి, మీరు దగ్గరుండి చూడాలి. వెనక డ్రమ్ము బ్రేకు పెడల్ ఎంత కిందికి పోతుందో చూసి, బ్రేకు కడ్డీ చివరనున్న నట్టుతో సరిచెయ్యడం మాత్రం మీరే నేర్చుకోండి, పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. డ్రమ్ము విప్పిన చోట ఆ పొడిని నోటితో ఊదకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లో చేరితే పోదు.

కార్లవాళ్లకి ఒక మాట. జాకీ మీద లేపిన కారు కిందకి దూరకండి. జాకీ చక్రం మార్చుకోడానికే, మనిషి కింద పడుకోవడానికి కాదు. కింద స్టాండ్లు లేకపోతే ఆ పని గ్యారేజీదే.

పాతకాలంలో కార్బరేటరు స్క్రూ తిప్పి ఇంజను చప్పుడు సరిచేసేవాళ్లం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నియమాలు వచ్చాక కొత్త బండ్లలో ఆ స్క్రూ స్థానంలో సెన్సర్లు, ఇంజెక్టరు, చిన్న కంప్యూటరు వచ్చాయి. పొగ గొట్టంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి పెట్రోలు ఎంత పొయ్యాలో అదే లెక్కేస్తుంది. దానికి జబ్బు చేస్తే మీటరు మీద ఇంజను గుర్తు దీపం వెలుగుతుంది. అప్పుడు స్కానరు ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లడం తప్ప మార్గం లేదు. ఎయిర్ ఫిల్టరు దుమ్ము చూడటం, ప్లగ్గు మార్చడం ఇప్పటికీ మనవే. వారంటీలో ఉన్న బండికి మాత్రం కంపెనీ చెప్పినచోటే సర్వీసింగు చేయించి బిల్లులు దాచుకోండి.

ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందా అని అడిగారు. కూలి కొంచెం మిగులుతుంది, నిజమే. నాకు దానికంటే విలువైనదిగా కనపడేది మరొకటుంది. వారం వారం బండిని తాకి చూసేవాడికి కొత్త చప్పుడు మొదటి రోజే తెలుస్తుంది. అలాంటివాడు మెకానిక్ దగ్గరికి వెళ్లి "ఏదో శబ్దం వస్తోంది" అనడు. "మూడో గేరులో, చల్లగా ఉన్నప్పుడే, ఎడమ వైపు నుంచి వస్తోందన్నా" అంటాడు. సగం రోగం అక్కడే తేలిపోతుంది. మార్చిన పాత సామాను అడిగి చూడండి, ఎందుకు అరిగిందో అడగండి. మంచి మేస్త్రీ అయితే సంతోషంగా చెబుతాడు. ఒక చిన్న పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, చేసిన పని రాసుకోండి.

ఈ ఆదివారం పొద్దున, బండి తీయకముందే, గేజితో గాలి చూడండి, చైన్ కదిపి చూడండి. ముందు బ్రేకు ఆయిల్ డబ్బా అద్దంలో ఆయిల్ ఏ గీత దగ్గరుందో చూడండి. కింది గీత దాటి దిగిపోతే పైన ఇంకాస్త పోసి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగిపోయాయి, లేదా ఎక్కడో కారుతోంది. ఆ బండిని తోలకుండా, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి నాయనా.